పల్లె కబుర్లు – 11: అమ్మ దిద్దిన కాగితం

పోయిన వారం రాయలేదేమని చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగారు. అమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాను. రేడియేషన్ అయిపోయి రెండేళ్ళు. అంతా బాగానే ఉందన్నారు. ఇక రాయొచ్చనిపించింది.

ముట్లుడిగిన ఆరేళ్ళకి అమ్మకి మళ్ళీ ఎర్రబట్ట కనపడింది. మిరపకోతల కాలం. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. పాతచీరలు చింపుకుని సర్దుకుంది. వాసన వస్తుందేమోనని చర్చిలో అందరికంటే వెనక, గోడవారగా కూర్చునేదట. ఊళ్ళో ఆరెంపీ వేడి చేసిందని సూదులేశాడు. తర్వాత అతనే టౌన్‌లో ఒక నర్సింగ్ హోంకి పంపాడు. వాళ్ళు ముక్క పరీక్ష కూడా చెయ్యకుండా గర్భసంచి తీసేద్దామన్నారు. మా మాదిగపల్లెలో నలభై దాటకముందే సంచి తీయించుకున్నవాళ్ళని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలవు. అందుకే అమ్మకి అది వింతగా అనిపించలేదు. డబ్బుల కోసం నాకు ఫోన్ చేసింది. "కడుపులో గడ్డంటరా" అంది. అంతే.

నేను తెలుగులో డాక్టరేట్ చేసినవాణ్ణి. ప్రబంధ నాయికల అంగాంగ వర్ణన మీద సెమినార్‌లో పత్రం చదివి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. "రక్తం ఎక్కణ్ణుంచి పోతుందమ్మా" అని మా అమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. నాతో చెప్పడానికి ఆమెకీ రాలేదు. ఒకే గదిలో మా మేనత్త మధ్యలో కూర్చుని, ఆమె మాట నాకూ నా మాట ఆమెకీ చేరవేసింది.

యూనివర్సిటీ రోజుల స్నేహితురాలు ఒకామె డాక్టరు. "ఆపరేషన్ ఆపు, ముందు బయాప్సీ" అంది. సర్విక్స్ క్యాన్సర్, స్టేజ్ 2బి అని తేలింది. ఆ దశలో కత్తి పెట్టరు. రేడియేషన్, దాంతోపాటు వారానికొక కీమో. మామూలు ఆపరేషన్‌తో సంచి తీసేసి ఉంటే జబ్బు లోపలే మిగిలి, వైద్యం ఇంకా కష్టమయ్యేదట. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లేకపోతే, సెంటు భూమి లేని మేం ఏం అమ్మేవాళ్ళమో తెలీదు.

25 సిట్టింగులు. ఆ వెయిటింగ్ హాల్లో కూర్చునే హెన్రియెట్టా లాక్స్ గురించి చదివాను. 1951, అమెరికా. పొగాకు చేలల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ. అమ్మకొచ్చిన జబ్బే. లోపల ఏదో ముడి ఉందని ముందు తన వాళ్ళతో ఆమే చెప్పింది. నల్లవాళ్ళకి వేరే వార్డు ఉన్న ఆస్పత్రిలో, ఆమెని అడక్కుండా కణాలు తీసుకున్నారు. అవి లోకమంతా ల్యాబుల్లో పెరిగాయి. ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళదాకా తెలియదు. ఈ జబ్బు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌లో ఒక రకం ఆ కణాల్లోనూ ఉంది. చదువుతుంటే లోపల్నుంచి అమ్మ పేరు పిలిచారు.

ఇంటికొచ్చాక మా వదిన అమ్మకో గ్లాసు విడిగా పెట్టింది. అమ్మ దాని వంక చూసి నవ్వింది. "మా చిన్నతనంలో మన గ్లాసు హోటలు చూరులో ఉండేదిరా. ఇప్పుడు మనింట్లోకే వచ్చింది."

వదినని ఏమంటాం? ఆమెకి ఎవరు చెప్పారు కనక? క్యాన్సర్ అంటుకోదు. గ్లాసుతో రాదు, ఎంగిలితో రాదు, పక్కన పడుకుంటే రాదు. మిషను కింద పడుకుని వచ్చిన మనిషి ఒంట్లో ఏ కిరణమూ మిగిలి ఉండదు. హెచ్‌పీవీ మాత్రం సంసారంలో ఒకరినుంచి ఒకరికి వస్తుంది, అది నిజమే. చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి, ఏళ్ళు గడిచాక పుండవుతుంది. అంటే ముందే పట్టుకోవడానికి అన్నేళ్ళు టైముంది! 30 దాటిన ఆడవాళ్ళని అయిదేళ్ళకోసారి చూడాలని ప్రభుత్వం రాసుకునే ఉంది. వెనిగర్‌లో ఉండే ఆసిడ్‌నే పలచగా చేసి దూదితో అద్దుతారు. తేడా ఉన్నచోట తెల్లమచ్చ పడుతుంది. కొద్ది నిమిషాల పని.

ఇదంతా కాగితం మీద పెట్టి చర్చి ఆడవాళ్ళకి పంచుదామనుకున్నాను. "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ – అవగాహన" అని మొదలుపెట్టాను. అమ్మకి చదువు రాదు. మా అన్న కూతురు చదివి వినిపించింది.

"ఎవురికి రాశావురా ఇది? మీ కాలేజీకా?" అంది అమ్మ. "కొట్టెయ్యి. నేను చెప్తా, రాయి. గర్భసంచి మూతికాడ పుండు. ముట్లుడిగినాక ఎర్రబట్ట కనపడినా, తెల్లబట్ట నీచువాసన కొట్టినా, మొగుడి పక్కన పడుకున్నాక రక్తం కనపడినా దాచుకోమాకండి."

మూడోదాని దగ్గర నా పెన్ను ఆగింది.

"రాయరా. సిగ్గేంది? నువ్వెట్టా పుట్టావు?"

రాశాను.

"కింద నా పేరెయ్యి. అడగాలనుకున్నోళ్ళు నన్నడుగుతారు."

ఆదివారం ఆరాధన అయ్యాక అరవై కాగితాలు పంచాం. మంగళవారం నలుగురు పీహెచ్‌సీకి వెళ్ళారు. అమ్మే వెంటబెట్టుకెళ్ళింది. ఆ నలుగురిలో మా వదిన ఉంది.