నాన్న పెంచిన అర అంగుళం

మా నాన్న జనగామలో టైలర్. నేను ఇంజినీరింగ్ చదివి, మియాపూర్‌లో అద్దెకుంటూ హైటెక్ సిటీలో కోడ్ రాసుకుంటున్నా. ఇప్పటికీ నా చొక్కాలు ఆయనే కుడతాడు. పోయిన దసరాకి కొలతలు తీస్తూ టేపు నా వీపు మీద రెండుసార్లు పెట్టి చూశాడు. 'వెనక అర అంగుళం పెంచాలెరా, ముందు తగ్గించాలె' అన్నాడు. వీపు వంగినవాళ్లకి కత్తిరించే లెక్క అది. నాకు 28 ఏళ్లు.

నవ్వేసి ఊరుకున్నా. కానీ అప్పటికే మెట్రో పార్కింగ్‌లో బండి వెనక్కి తీయాలంటే మెడ తిరగక ఒళ్లంతా తిప్పుతున్నా. భుజాలు వెనక్కి లాగే బెల్టు ఒకటి ఆన్‌లైన్లో కొని వారం వేసుకున్నా. చెమట పట్టడం తప్ప ఒరిగిందేమీ లేదు.

మా వీధి చివరి ఫిజియోథెరపిస్ట్ అసలు మెడ ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని, నడుము కదలకుండా పక్కకి తిరగమన్నారు. కుడికి కొంచెం తిరిగా. ఎడమకి గొళ్లెం పడ్డట్టు ఆగిపోయా. 'తప్పు మెడది కాదండీ. కిందవాళ్లు పనిచేయకపోతే ఆ డ్యూటీ కూడా మెడే చేస్తోంది' అన్నారావిడ.

మెడకీ నడుముకీ మధ్య 12 వెన్నుపూసలుంటాయి. పక్కటెముకలు అతుక్కునేది వాటికే. ఒళ్లు పక్కకి తిరగడం ఎక్కువగా వాటి పనే. నడుము పూసలు కొద్ది డిగ్రీలకు మించి తిరగవు. చేతులు పూర్తిగా పైకెత్తాలన్నా ఆ 12 కాస్త వెనక్కి వాలాలి. రోజంతా లాప్‌టాప్ మీదకి వంగి కూర్చుంటే ఆ కదలికే తగ్గిపోతుంది. నన్ను దిండు లేకుండా నేల మీద పడుకోబెట్టి, తల ఆనడం చూసి, 'ఇంకా కదులుతుంది లెండి' అన్నారు. మొక్కై వంగనిది మానై వంగదంటారు. నేను మొక్కగానే వంగిపోయిన బాపతు.

నేర్పినవి మూడే. పక్కకి పడుకుని, మోకాళ్లు మడిచి, మధ్యలో దిండు నొక్కిపట్టి (లేకపోతే నడుము దొంగతనంగా తిరిగేస్తుంది), ఊపిరి వదులుతూ పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవాలి. రెండోది, చేతులూ మోకాళ్ల మీద ఉండి, ఒక చెయ్యి తల వెనక పెట్టుకుని మోచేతిని పైకప్పు వైపు తిప్పడం. మూడోది, చుట్టిన తువ్వాలు వీపు కింద అడ్డంగా పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలడం. మూడు వారాలు ఏ తేడా లేదు. మధ్యలో రెండుసార్లు మానేశా కూడా. ఆరో వారంలో ఒకరోజు బండి తీసి రోడ్డెక్కాక గుర్తొచ్చింది, ఇందాక ఒళ్లు తిప్పకుండానే వెనక్కి చూశానని.

సంక్రాంతికి ఇంట్లో చేస్తుంటే నాన్న గుమ్మంలో నిలబడి, 'ఏంరా, నేల మీద పండి గడియారం ముల్లు లెక్క తిరుగుతున్నవ్?' అన్నాడు. ఆయనకీ నేర్పిద్దామని ఫిజియోకి ఫోన్ చేశా. 'ముందు డాక్టర్‌కి చూపించి ఎముకల బలం తెలుసుకోండి. తువ్వాలు మీద వాలడం మాత్రం వద్దు' అన్నారు. ఎముకలు పల్చబడ్డవాళ్లకి అది ప్రమాదమట. ముప్పై ఐదేళ్లు మిషన్ మీద వంగిన వీపు ఆయనది. అందులో నాలుగేళ్లు నా కాలేజీ ఫీజులకే. డాక్టర్ దగ్గరికి పోదామంటే 'పెండ్లిళ్ల సీజన్ అయినంక' అంటాడు. నేనూ 'ఈ రిలీజ్ అయ్యాక' అనే రెండేళ్లు గడిపాను కదా, ఏమనను?

మొన్న మళ్లీ కొలతలు తీశాడు. 'పావు తగ్గిందిరా' అన్నాడు. టేపు లాక్కుని, 'నువ్వు నిలబడు, నేను కొలుస్తా' అన్నా.

'నాది కొలిచేదేముందిరా, యాదికే ఉన్నది' అని టేపు తీసుకుని మెడలో వేసుకుని మిషన్ దగ్గరికి పోయాడు.