గుంటడు పళ్ళు కొరికితే కోడల్ని తిట్టకండి

ఈ వారం మినుములో పల్లాకు తెగులు గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారం రాస్తాను. ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఎందుకంటే అందులో తప్పు నాది.

మా మనవడికి నాలుగేళ్ళు. సంక్రాంతి వెళ్ళాక మా అబ్బాయి పనికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. కోడలూ, గుంటడూ మా దగ్గరే ఉన్నారు. ఓ రాత్రి నాకు మెలకువొచ్చీసింది. మా కళింగపట్నంలో రాత్రయితే సముద్రం హోరు తప్ప ఇంకో చప్పుడుండదు. ఆ హోరులోంచి కిర్రు కిర్రుమని ఏదో వినబడింది. ఎలకలు ధాన్యం బస్తాలు కొరుకుతున్నాయేమో అని టార్చిలైటు పట్టుకుని వెతికాను. తీరా చూస్తే మా గుంటడు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు.

పొద్దున్న మా అమ్మకి చెప్పాను. "ఏటున్నాది, కడుపులో పురుగులు. బెల్లం ముక్కలూ బిస్కెట్లూ పెట్టీసి పెంచుతోంది గదా నీ కోడలు" అన్నాది. మా ఇంటిది కూడా అదే మాట. కోడలు పొయ్యి దగ్గర తల వంచుకుని విన్నాది. నేను కిమ్మనలేదు.

నేనెందుకు నమ్మానో రైతులకి చెప్తే అర్థమవుతుంది. గొడ్డు ఊరికే పళ్ళు కొరకదు. మేత మానేసి పళ్ళు కొరుకుతూ నిలబడిందంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టు, ఎక్కువగా కడుపులో. దూడ నీరసపడితే నట్టల మందు పట్టిస్తాం. అదే లెక్క మనవడికీ వేసీసాను.

ఫిబ్రవరి 10న అంగన్వాడీలో ఆల్బెండజోల్ మాత్ర వేసారు. అయినా చప్పుడు ఆగలేదు. వారం తిరక్కుండా మెడికల్ షాపులో పురుగుల మందు సీసా తెచ్చి పోసాను. పది రోజులకి మళ్ళీ పోసాను. "మావయ్యా, అంగన్వాడీలో వేసారు గదా, మళ్ళీ ఎందుకు?" అని కోడలు అడిగింది. "నీకేటి తెలుసమ్మా" అన్నాను. మూడో సీసా తెచ్చిన రోజు ఆ పిల్ల దాన్ని నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేసీసింది. "డాక్టరు చెప్తే పోస్తాను" అన్నాది. ఇంట్లో పెద్ద గొడవ. మర్నాడు ముగ్గురం శ్రీకాకుళం వెళ్ళాం. నిజం చెప్పాలంటే ఆమెదే తప్పని డాక్టరు చేత అనిపిద్దామనే వెళ్ళాను.

అక్కడ డాక్టరమ్మ వరసగా ప్రశ్నలడిగింది. గురక పెడతాడా? నోరు తెరిచి పడుకుంటాడా? నిద్రలో ఊపిరి ఆగి మళ్ళీ అందుకుంటున్నట్టు ఉంటుందా? పొద్దున్న లేచాక దవడ నొప్పి, తలనొప్పి అంటాడా? పన్ను పుచ్చిందా? ఇంట్లో ఈమధ్య ఏదైనా మార్పు వచ్చిందా? ప్రతిదానికీ కోడలే జవాబు చెప్పింది. నాకు ఒక్కటీ తెలీదు. మూడు సీసాలు కొన్నాను గానీ, ఒక్క రాత్రైనా పిల్లడి పక్కన కూర్చుని ఊపిరి ఎలగ ఉందో చూడలేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. చిన్నపిల్లలు నిద్రలో పళ్ళు కొరకడం మామూలే. నిద్ర పలచగా ఉన్నప్పుడు దవడ దానంతటదే బిగుస్తుంది. ఏడాది లోపు పిల్లలైతే కొత్తగా వచ్చిన పై పన్నూ కింద పన్నూ రాసుకుని చూసుకుంటారు. పాలపళ్ళు 20. ఆరేళ్ళ నుంచి అవి ఊడి గట్టిపళ్ళు వస్తుంటాయి. చాలామందికి ఆ వయసులోనే ఈ అలవాటు తగ్గిపోతుంది. పురుగుల వల్లే కొరుకుతారని రుజువేమీ లేదు. ముక్కు మూసుకుపోవడం, గురక, పుచ్చుపన్ను, మనసులో బెంగ, వీటిలో ఏదైనా తోడవ్వొచ్చు. మావాడికి జలుబు చేసి ముక్కు దిబ్బడేసి ఉంది. తండ్రి వెళ్ళిన దగ్గర్నుంచి అర్ధరాత్రి లేచి వెతుక్కుంటున్నాడని కోడలు చెప్పింది. ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఇంట్లో ఎవరికైనా ఈ అలవాటు ఉందా అని కూడా అడిగింది. కొన్ని ఇళ్ళలో ఇది తరాలుగా వస్తుందట. లేదన్నాను. ఇంటికొచ్చి చెప్తే మా ఇంటిది నవ్వింది. "తిత్లీ తుఫాను ఏడాది మీరు కొరకలేదేటి? నాకు నిద్రుండేది కాదు" అన్నాది. 2018 అక్టోబరులో కొబ్బరిచెట్లు పడిపోయాక సంగతది. అప్పుడు నా కడుపులో పురుగులున్నాయని ఎవరూ అనలేదు.

అలాగని పురుగుల మాత్ర మానకండి. చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగితే కొంకి పురుగు పాదాల్లోంచే లోపలికి పోతుంది. చేతులు కడుక్కోకుండా తింటే ఏలికపాముల గుడ్లు పోతాయి. అంగన్వాడీలో, బడిలో 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఇచ్చే మాత్ర వేయించండి. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు వాళ్ళకి సగం మాత్ర. మూడేళ్ళ లోపు పిల్లలకి నలిపి నీళ్ళలో కలిపి పట్టాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడొచ్చు. అంతేగానీ నాలాగ షాపు నుంచి తెచ్చి మళ్ళీ మళ్ళీ పోయకండి. రాత్రిపూట ఆసనం దగ్గర దురదతో గోక్కుంటుంటే డాక్టరుకి చూపించండి.

గురక రోజూ ఉన్నా, ఊపిరి ఆగినట్టున్నా ఆలస్యం చెయ్యకండి. పన్ను విరిగినా, నొప్పన్నా చూపించాల్సిందే. పళ్ళు కొరక్కుండా నోట్లో గుడ్డ పెట్టమని మాకొకరు చెప్పారు. ఆ పని అస్సలు చెయ్యొద్దు, ఊపిరాడకపోవచ్చు.

ఇంటికొచ్చిన రోజే మా అమ్మ ముందర, మా ఇంటిదాని ముందర కోడలికి చెప్పాను, "తప్పు నాదమ్మా" అని. ఆ పిల్ల ఏమీ అనలేదు. పెట్టె తాళం తీసి సీసా బయట పారేసింది. ఇప్పుడు రాత్రి అన్నం తిన్నాక ఫోను ఇవ్వడం మానేసాం. వాళ్ళ నాన్నతో కాసేపు మాట్లాడించి పడుకోబెడుతున్నాం. జలుబు తగ్గింది. కొరకడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మా అమ్మ ఇప్పటికీ పురుగులే అంటుంది. ఈ వయసులో ఆవిణ్ణి మార్చలేను.

కిర్రుమని వినబడిన రాత్రి లేచి వాడి పక్కన కూర్చుంటున్నాను. ముక్కుతో తీస్తున్నాడా, నోటితోనా అని చూసుకుని మళ్ళీ పడుకుంటున్నాను. మొదటి రోజే ఆ పని చేసుంటే ఆ పిల్లకి అన్ని మాటలు పడే పని ఉండేది కాదు.