ఎదురుగాలి

పాలమూరు సీమలో సైకిలెక్కిన వానికి పంచాంగంతో పనిలేదు. వేకువన హ్యాండిలు పట్టగానే వేళ్లు కొంకర్లు పోతే పుష్యమాసం. సీటు మీద చేయి వేయగానే చురుక్కుమంటే వైశాఖం. కల్వకుర్తిలో నివాసముంటూ, శ్రీశైలం రహదారి మీదుగా వెల్దండ వైపున్న ఒక పల్లె బడికి ఏళ్ల తరబడి సైకిలు మీద వెళ్లిన ఉపాధ్యాయుణ్ణి గనుక ఈ రెండు కాలాలతోనూ నాకు సన్నిహిత పరిచయముంది.

చలికాలపు ప్రయాణం మొదట కష్టం, పిదప సుఖం. నిలుచున్నవానికి తెలియని గాలి తొక్కేవానికి ఎదురవుతుంది. చెవులకు మఫ్లరు చుట్టుకున్నా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. చల్లని గాలి చిక్కన కూడా. 40 డిగ్రీల గాలి కంటె 10 డిగ్రీల గాలి సాంద్రత సుమారు పదోవంతు ఎక్కువ. అయినా రెండు కిలోమీటర్లు తొక్కేసరికి ఒంట్లో కుంపటి రాజుకుంటుంది. మనం వెచ్చించే శక్తిలో దాదాపు నాలుగోవంతు మాత్రమే పెడలును చేరుతుంది. తక్కినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడి చలిలో వరం.

వేసవి గాలి మోసకారి. దాని వేడి చర్మపు వేడిని, అంటే ఇంచుమించు 35 డిగ్రీలను మించితే, అది మనకు చల్లదనం ఇవ్వకపోగా తన వేడిని కూడా అంటిస్తుంది. ఇక చెమట ఆరడమొక్కటే దేహానికి దిక్కు. మన మెట్టసీమ పొడిగాలికి చెమట పుట్టినచోటనే ఆరిపోతుంది గనుక తొక్కుతున్నంతసేపూ బాగానే ఉన్నామనిపిస్తుంది. ఏ చింతచెట్టు కిందనో దిగి నిలబడగానే ఒళ్లంతా ధారలు కడుతుంది. ఎంత నీరు ఖర్చయిందో అప్పుడు గాని తెలియదు. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా మరి తొక్కరాదు. నీడకు చేరి, నీళ్లు తాగి, మరొకరిని పిలవాలి.

ఎండను కోరి తొక్కేవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. అతడు ఐస్‌ఫ్రూట్లమ్మేవాడు. ఎండ ఎంత ముదిరితే అతని డబ్బా అంత త్వరగా ఖాళీ అయ్యేది.

పిల్లల సంగతి వేరు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. తరగతి గది వేడి తప్పించడానికి చేసిన మంచి ఏర్పాటే అది. కాని పన్నెండున్నరకు గంట కొడితే, దూరపు పల్లెల పిల్లలు సైకిలెక్కేది సరిగ్గా నడినెత్తి ఎండలోనే. అందుకని వారిని నాలుగు గంటల దాకా బడి వరండాలోనే కూర్చోబెట్టి, కుండలో నీళ్లుంచి, కథల పుస్తకాలిచ్చేవాణ్ణి. చాలామంది సంతోషంగా ఉండిపోయేవారు. ఎనిమిదో తరగతి బాలిక ఒకతె మాత్రం పుస్తకం తిరిగిచ్చి, తలకు తువాలు చుట్టుకుంది.

"నాలుగు దాక ఈడనే ఉంటె మా మేకలకు నీళ్లెవరు పెడ్తరు సార్?" అన్నది.

సీసా నిండా నీళ్లు పోసి ఇచ్చాను. రోడ్డు మలుపు దాటేదాకా ఆ సైకిలు కనిపిస్తూనే ఉంది.