నగరి ధూప్‌లో రెండు ఫోన్లు

కొత్త ఫోన్ కొనాలనుకునే ప్రతివాడూ నన్ను అడిగేది రాత్రి తస్వీర్ గురించే. చీకట్లో ఎట్లా వస్తుంది, చాంద్ కనబడుతుందా, షాదీఖానా లైట్లలో మొహాలు మసకబారతాయా అని. పగటి ఫోటో గురించి అడిగినవాడు లేడు. ధూప్ ఉంటే చాలు, పదివేల ఫోనైనా లక్షన్నర ఫోనైనా ఒకటేనని అందరి యకీన్. కానీ మన ఇళ్ళల్లో ఆల్బమ్ తిరగేసి చూడండి. ఈద్గాహ్ మైదానం, అఖీఖా, హజ్‌కు పోయేవాళ్ళను బస్సు ఎక్కించడం, వలీమా దావత్‌లో పందిరి కింద వరసగా కూర్చున్న బుజుర్గులు. అన్నీ పగలే. మన ఖాందాన్ తారీఖంతా ఎండలో తీసి పెట్టుకున్నదే.

2024 ఏప్రిల్ 11న, రంజాన్ పండగ నాడు, నగరిలో మా ఇంట్లో ఒకే కప్పు కింద రెండు పెద్ద ఫోన్లు చేరాయి. దుబాయ్ నుంచి వచ్చిన మా ఛోటా చేతిలో ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్. తిరుపతి నుంచి వచ్చిన మా దూల్హాభాయ్ జేబులో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా. మొదటిది 2023 సెప్టెంబరులో వచ్చింది, అప్పుడు మన దేశంలో మొదలు ధర 1,59,900 రూపాయలు. రెండోది 2024 జనవరిలో వచ్చింది, 1,29,999. రెండూ కలిపి దాదాపు 2 లక్షల 90 వేల సొమ్ము మా దస్తర్‌ఖాన్ మీద షీర్‌ఖుర్మా గిన్నెల పక్కన పడి ఉంది. ఏది మేలు అన్న బహస్ రాకుండా ఎట్లా ఉంటుంది? ఫైసలా చెప్పడానికి ఇంట్లో అఖ్బార్‌వాలా నేనొక్కడినే దొరికాను.

ముందు హిసాబ్ చూద్దాం. గెలాక్సీ ముఖ్య కెమెరా 200 మెగాపిక్సెళ్ళు, ఐఫోన్‌ది 48. దూల్హాభాయ్ ఈ అంకె పట్టుకునే గెలిచానన్నాడు. కానీ ఆ రెండు సెన్సర్ల సైజు చూస్తే దాదాపు ఒకటే. రెండూ అంగుళంలో ముప్పావు వంతు కొలత లెక్కలోవే, వేలిగోరంతవి. ఒకే సైజు పొలాన్ని ఒకరు 48 మళ్ళుగా, ఒకరు 200 మళ్ళుగా గట్లు వేసుకున్నట్టు. మడి చిన్నదైతే అందులో పడే వెలుగు కూడా తక్కువే. అందుకే గెలాక్సీ మామూలుగా తీసేటప్పుడు పదహారు పిక్సెళ్ళను కలిపి ఒకటి చేసి 12 మెగాపిక్సెళ్ళ ఫోటో ఇస్తుంది. ఐఫోన్ 24 ఇస్తుంది. 200 కావాలంటే సెట్టింగ్‌లోకి పోయి మార్చుకోవాలి, కదలకుండా నిలబడాలి, ఫైలు కూడా బరువు.

ఇక్కడే అసల్ బాత్ ఉంది. నగరి ఏప్రిల్ ఎండలో ఏ కెమెరాకైనా వెలుగు కరువు లేదు. షట్టరు సెకనులో వెయ్యో వంతుకు పైన పరిగెడుతుంది, చెయ్యి వణికినా పట్టదు. లెన్సు గొప్పతనం, సెన్సర్ గొప్పతనం రాత్రి తేలుతుంది. పగలు మిగిలేది ఫోన్ లోపలి దిమాగ్. బటన్ నొక్కిన క్షణంలో అది పలచగా, ముదురుగా ఎన్నో ఫోటోలు తీసుకుని, ఆకాశం ఇది, ఆకు ఇది, మొహం ఇది అని విడదీసి, దేన్ని ఎంత వెలిగించాలో తానే ఫైసలా చేసి ఒకటి మన చేతిలో పెడుతుంది. అంటే పగటి పోలిక కెమెరాల పోలిక కాదు. రెండు ఖాజీల తీర్పుల పోలిక.

ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో కమ్రాకూ కెమెరాకూ ఒకటే పేరెందుకని నాకు హైరత్‌గా ఉండేది. తర్వాత తెలిసింది, పోర్చుగీసువాళ్ళు తెచ్చిన కమ్రా, ఇంగ్లీషులో వచ్చిన కెమెరా రెండూ గది అన్న ఒకే లాటిన్ మాట బిడ్డలు. బస్రాలో పుట్టి ఖాహిరాలో కన్నుమూసిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ కిందట చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా రోషనీ వచ్చే తీరు పరిశీలించాడు. కంటిలోంచి చూపు బయటికి పోదు, వస్తువు మీద పడ్డ రోషనీయే కంటిలోకి వస్తుందని కితాబుల్ మనాజిర్‌లో వాదించాడు. ఆయన చీకటి గదిలో సలహా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఫోన్ల కమ్రాల్లో ఒక దఫ్తర్ నిండా మున్షీలు కూర్చుని ఉన్నారు.

ఈద్గాహ్ దగ్గరే మొదటి ఇమ్తెహాన్ జరిగిపోయింది. ఏ కెమెరాకైనా మన పండగ కన్నా కష్టమైన పరీక్ష లేదు. మగవాళ్ళంతా పొద్దుటి ఎండలో మెరిసే తెల్ల కుర్తాలు, తెల్ల టోపీలు. ఇంటికొచ్చాక వాకిట్లో ఖాందాన్ ఫోటోకు నిలబడితే పక్కనే నల్ల బుర్ఖాలు. తెలుపును కాపాడితే నలుపు బొగ్గుముద్ద అవుతుంది. నలుపు తెరిస్తే తెలుపు సున్నం కొట్టిన గోడ అవుతుంది. పాత రోజుల్లో స్టూడియో ఫోటోగ్రాఫర్ ఒకదాన్ని వదులుకునేవాడు, ఎక్కువగా బుర్ఖానే. ఈ రెండు ఫోన్లూ రెండిటినీ నిలబెట్టాయి. అబ్బా కుర్తా మీది చికన్ కుట్టు కనబడింది, ఖాలా బుర్ఖా అంచున నల్ల దారంతో వేసిన నల్ల పువ్వులూ కనబడ్డాయి. గెలాక్సీ ఫోటో మొత్తం మీద కొంచెం వెలుగెక్కువ, ఐఫోన్‌ది కొంచెం వెచ్చని రంగు. పందెం బరాబర్.

మర్నాడు జుమా నమాజ్ అయ్యాక, సూర్యుడు నడినెత్తిన ఉండగా, పట్టుబట్టి ఇద్దరినీ బయటికి లాక్కుపోయాను. అమ్మీ గొణిగింది, ఈ ధూప్‌లో ఫోటోలు తీసే పాగల్ మీరేనా అని.

నగరి కొండలు చూడనివాళ్ళకు చెప్పాలి. ఊరికి కాపలా నిలబడ్డట్టుండే ఆ వరసలో ఒక శిఖరం అచ్చం మనిషి ముక్కులా పైకి లేచి ఉంటుంది. తెల్లవాళ్ళు దాన్ని నగరి ముక్కు అనే పిలిచారు, సముద్రం మీది ఓడలవాళ్ళకు అది గుర్తు. ఆ కొండలది క్వార్ట్‌జైట్ రాయి. భూగర్భ శాస్త్రంలో ఒక రాతి పొరకు నగరి క్వార్ట్‌జైట్ అని మన ఊరి పేరే ఉంది. ఆ కొండ చరియ పగుళ్ళూ పొరలూ జూమ్ సత్తా తేల్చడానికి చక్కటి పలక. ఐదు రెట్లు దగ్గరకు లాగే లెన్సు రెండిటికీ ఉంది. గెలాక్సీది 50 మెగాపిక్సెళ్ళు, ఐఫోన్‌ది 12. చరియ చీలికలు ఐదు దగ్గర రెండిటిలో బాగున్నాయి. అక్కడి నుంచి ఇంకా ముందుకు లాగితే గెలాక్సీ రాయి రాయిగానే నిలిచింది. దానికి మూడు రెట్ల లెన్సు విడిగా ఉంది కూడా. మనుషుల ఫోటోలకు ఆ మూడే అక్కరకొస్తుంది, ముక్కూ చెవులూ సాగదీయకుండా మొహం మొహంలా వస్తుంది. ఎండలో తెర చదవడం కూడా గెలాక్సీకే తేలిక, దాని అద్దం మెరుపును బాగా తగ్గిస్తుంది. దూల్హాభాయ్ ముఛ్ తిప్పాడు.

అక్కడి నుంచి మరమగ్గాల వైపు. నగరి అంటే మగ్గాల చప్పుడు, ఇది పుత్తూరువాళ్ళను అడిగినా చెబుతారు. అబ్బా దోస్త్ కొడుకు, నేతపని ఆయన, గుడ్డ ఫోటోలు వాట్సాప్‌లో యాపారులకు పంపుతుంటాడు. ఒక ఎర్రచీర వాకిట్లో పరిచి రెండు ఫోన్లతో తీశాం. ఆయన రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసి, "బాయ్, రెండూ మన ఎరుపు గాదు. ఒగటి కుంకం, ఒగటి టమాటా" అన్నాడు. ఎరుపు కెమెరాలకు మొదటి నుంచీ ఇబ్బందే. గట్టి ఎండలో ఎరుపు మాత్రమే నిండిపోయి, లోపలి పోగుల నేత కరిగి ఒకే ముద్దవుతుంది. ఆ మీద ఏ ఫోన్ తెర రంగు దానిదే. గెలాక్సీలో తెరకే రెండు తీర్లు, ఒకటి కంటికి ఝల్లుమనేది, ఒకటి సహజమైనది. అందుకని రెండు ఫోటోలనూ ఆయన మామూలు ఫోన్‌కు పంపించి ఒకే తెర మీద చూశాం. కుంకం, టమాటా తేడా సగం తగ్గిపోయింది. గుడ్డ అమ్మేవాళ్ళకు ఆయన సొంతంగా కనిపెట్టిన ఇలాజ్ ఒకటుంది. చీర పక్కన అదే పోగు ఉండ, ఒక తెల్ల కాగితం పెట్టి, ఎండలో కాకుండా పంచ నీడలో తీస్తాడు. కాగితం తెల్లగా కనబడితే ఎరుపూ సరిగ్గా ఉన్నట్టు. కాగితం గవాహ్ అన్నమాట.

ఆ తెల్ల కాగితాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. అసలు పని అక్కడ ఉంది.

మా భాంజీకి ఇరవై నాలుగేళ్ళు. ఫార్మసీ చదివి తిరుపతిలో ఉద్యోగం చేస్తోంది. అంబూరు నుంచి రిష్తా వచ్చింది, తస్వీర్ పంపమన్నారు. పండగ జోడా, చేతినిండా మెహందీ, ఇద్దరు మామూలు, రెండు ఫ్లాగ్‌షిప్ ఫోన్లు. ఇంతకన్నా ఏం కావాలి? పిల్లను మిద్దె మీద ఎండలో నిలబెట్టి, కాగితం చేతికిచ్చి, రెండిటితో తీశాం. ఫిల్టర్లు, బ్యూటీలు అన్నీ బంద్.

ఒక ఫోటోలో పిల్ల పిల్లలాగే ఉంది. కళ్ళకింద నడిఎండ నీడ, నుదుటి మీద మెరుపు, తన సావ్లా రంగు. రెండోదానిలో కళ్ళకింద నీడ లేదు, చర్మం నున్నగా ఉంది, రంగు రెండు మెట్లు పైకెక్కింది. కాగితం మాత్రం రెండిటిలోనూ ఒకే తెలుపు. ఇంకా విచిత్రం, మెహందీ పెట్టిన చెయ్యి గడ్డం దగ్గర పెట్టుకుని నిలబడింది కదా, ఆ చెయ్యి రెండు ఫోటోల్లోనూ ఒకే రంగు. చెయ్యి పిల్లదే, మొహం ఇంకెవరిదో. ఏ ఫోన్ ఏది చేసిందో రాయను. దూల్హాభాయ్, ఛోటా ఇద్దరూ ఇది చదువుతారు. పైగా రేపొక అప్‌డేట్ వస్తే ఈ ఖాజీ తీర్పు ఆ ఖాజీ నోట రావచ్చు.

బాజీ ఆ తెల్లదాన్ని చూసి కరిగిపోయింది. "యేచ్ అచ్ఛా హై, యేచ్ భేజో" అంది.

పిల్ల ఫోన్ తీసుకుని దగ్గరగా చూసింది. "యే మై నై, మామూ" అంది మెల్లగా.

అమ్మీ తస్బీహ్ ఆపింది. "అల్లా దియే సో రంగ్ కైకూ బదల్తే?" అని అడిగింది. ఆ అడగడం బాజీనో ఫోన్‌నో తెలియలేదు.

ఫోన్ చేసింది ఫిల్టర్ పని కూడా కాదు, ఫిల్టర్ అయితే తీసేయొచ్చు. మొహం మీది నీడలు తొలగించడం మంచి ఫోటో అని ఎవరో ఎక్కడో దఫ్తర్‌లో తీర్మానించారు. నీడ తీయాలంటే వెలుగు పెంచాలి, వెలుగు పెంచితే గోధుమ రంగు గోరా అవుతుంది. ఇది కొత్త సంగతీ కాదు. రంగుల ఫిల్ము కాలంలో లాబులు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్ళు పంపే కార్డు మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది, ఆ కార్డుకు షర్లీ అని పేరు. ఆమె చర్మం సరిగ్గా వస్తే అందరి చర్మం సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ళ ఫోటోలు దశాబ్దాల పాటు మసిగా వచ్చింది అందుకే. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ అని ఒక పద్ధతి తెచ్చి, ముదురు చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తామంది. మరుసటి ఏడాది ఎల్లిస్ మంక్ అనే సామాజిక శాస్త్రవేత్త రూపొందించిన పది రంగుల చర్మ కొలతను తీసుకుంది. ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసింది. డబ్బా మీద మాట మారింది. మన రిష్తా మాటల్లో "లడ్కీ గోరీ హై క్యా" మారిందా?

మజాక్ చేసేవాళ్ళు చేస్తారు, తస్వీర్‌లో రెండు మెట్ల తెలుపుకు ఇంత గొడవా అని. కానీ రిష్తా తస్వీర్ ఒక అమానత్. అవతలివాళ్ళు దాన్ని చూసి పిల్లను చూడ్డానికి వస్తారు. వచ్చినప్పుడు గుమ్మంలో వాళ్ళ కళ్ళల్లో కనబడే ఆ చిన్న తడబాటు ఫోన్ భరించదు, పిల్ల భరించాలి. మన వీధుల్లో అట్లాంటి తడబాటు చూసి చాయ్ ట్రే పట్టుకుని లోపలికి నడిచిన అమ్మాయిలు ఎందరు లేరు?

కొనేవాళ్ళకు నా మాట ఇది. పగటి ఫోటోకు ఈ రెండిటిలో ఏది తీసుకున్నా నష్టం లేదు. కొండలు, మైదానంలో ఆటలు, దూరం నుంచి నికాహ్ స్టేజీ తీసేవాళ్ళకు గెలాక్సీ జూమ్ పనికొస్తుంది, వచ్చిననాటి ధర కూడా ముప్పై వేలు తక్కువ. వీడియో ఎక్కువ తీసేవాళ్ళు ఐఫోన్ వైపు పోవచ్చు. 200 మెగాపిక్సెళ్ళు చూసి మాత్రం కొనొద్దు. వాట్సాప్‌లో పంపితే ఆ ఫోటో ఎలాగూ కుదించుకుపోతుంది, 2023 ఆగస్టు నుంచి ఇచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కినా అంతంత పెద్ద సైజు పోదు. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద నమూనా ఫోటోలు చూసి మురిసిపోవద్దు. ఇంట్లో అందరికన్నా నల్లగా ఉన్నవాళ్ళను వెంట తీసుకుపోండి, దుకాణం బయట ఎండలో నిలబెట్టండి, చేతిలో తెల్ల కాగితం పెట్టండి, చెయ్యి మొహం దగ్గర పెట్టుకోమనండి. చెయ్యీ మొహమూ ఒకే మనిషివిగా వస్తే డబ్బులు కట్టండి.

ఆ సాయంత్రం నాలుగున్నరకు పంచ సాయాలో, ఆకాశం వైపు తిరిగి నిలబెట్టి, భాంజీని మళ్ళీ తీశాం. నీడలో మెత్తని వెలుగు ఉంటుంది, తీసేయాల్సిన నీడలు ఉండవు కాబట్టి ఫోన్‌కు చెయ్యి చేసుకునే పని తక్కువ. ఈసారి రెండు ఫోన్లూ దాదాపు ఒకే పిల్లను చూపించాయి. తనకు నచ్చినదాన్ని తానే ఎంచి, తానే అంబూరుకు పంపించింది. ఆ రాత్రి బాజీ తన ఫోన్ నుంచి ఆ తెల్లదాన్ని కూడా పంపిందని మర్నాడు తెలిసింది. కాబట్టి ఇప్పుడు అంబూరు వాళ్ళ దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు.

వచ్చే ఇత్వార్‌కు వస్తామని కబురు పెట్టారు. ఏ ఫోటో చూసి అన్నది వాళ్ళు చెప్పలేదు, మేం అడగలేదు. మగ్రిబ్ తర్వాత రమ్మందామని బాజీ అంది. అప్పుడు ట్యూబ్‌లైట్లు వేసి ఉంటాయి.

"నక్కో," అంది భాంజీ. "జొహర్ కో బులావ్."