ప్లాస్టిక్ తెప్ప

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట, మోకాటి లోతు నీళ్లలో నా కొత్త కయాక్‌ను నిలబెట్టుకుని మురిసిపోతున్నాను. పదకొండడుగుల పొడవు, చామంతి పసుపు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న తాత తలెత్తి చూశాడు.

"ఏటి బాబూ అది?"

కయాక్ అని చెప్పాను. లేచి వచ్చి, వేలితో తట్టి, కూర్చునేచోట అడుగునున్న కన్నాల్లోకి తొంగిచూసి, "తెప్పే కదా" అనేసి వెళ్లి మళ్లీ వల అందుకున్నాడు.

రెండు నెలల జీతం పోసి కొన్న వస్తువును అంత తేలిగ్గా తేల్చేస్తే ఉక్రోషం రాదూ? ఇంటికెళ్లి ఆలోచిస్తే మాత్రం ఆయన అన్నదే నిజం. తెప్పంటే పక్కపక్కన కట్టిన దుంగలే. అల మీదపడ్డా నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, నిండి మునగడమన్న మాటే ఉండదు. నా కయాక్‌లోనూ మనం లోపల కాదు, పైన కూర్చుంటాం. పడ్డ నీళ్లు కన్నాల్లోంచి దిగిపోతాయి. వెనక చివర చిన్న బిరడా ఒకటుంటుంది, అది బిగించడం మరిచిపోతే మాత్రం డొల్లలోకి నీళ్లెక్కుతాయి. ఒకసారి మరిచిపోయాను కూడా. ఇన్యూట్లు సీల్ తోలు బిగించి కట్టుకున్న అసలు కయాక్‌కంటే దీనికి మన తెప్పతోనే చుట్టరికం ఎక్కువ. తేడా అల్లా, తెప్ప మీది మనిషి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నీటి మీదే ఉన్నాడు. నేను ఊహ తెలిసిన దగ్గర్నుంచీ కుర్చీలో ఉన్నాను.

మొదటి వారమంతా నా ధ్యాస గాలాల మీదే. ఏ చేపకి ఏ ఎర, ఎన్ని గ్రాముల సీసం, వంజరానికి తీగ కట్టాలా అక్కర్లేదా. వీడియోలు చూసి చూసి కళ్లు మండాయి. తాత అడిగింది ఒక్కటే. "పడ్డం నేర్చావా?"

పడడానికి నేర్చుకునేదేముంది అనుకున్నాను. నడుంలోతు నీళ్లలో కావాలని పక్కకి ఒరిగాను. పడ్డాను, బాగానే పడ్డాను. ఎక్కడమే రాలేదు. బల్ల ఎక్కినట్టు చేతులు ఆనించి లేవబోతే, పడవ నా వైపే తిరగబడి నెత్తిన కూర్చుంది. మూడుసార్లు అలాగే అయింది. గట్టు మీద పిల్లలకి ఆ పూట సినిమా ఖర్చు లేదు. కిటుకు కాళ్లలో ఉంది. ముందు పడవని వెల్లకిలా తిప్పుకోవాలి. పక్కన, సరిగ్గా నడిమధ్య చేరి, అవతలి అంచు అందుకుని, ఈతలోలా కాళ్లు తన్నితే ఒళ్లు నీటి మీదికి తేలుతుంది. అప్పుడు పాకినట్టు బోర్లా పొట్ట మీద పడాలి. అలాగే పడుకుని ఊపిరి పీల్చుకుని, మెల్లగా తుంటి తిప్పి కూర్చోవాలి. కాళ్లు ఆఖర్న. పొట్ట, పిర్ర, కాళ్లు, వరస తప్పకూడదు. లైఫ్ జాకెట్ వేసుకునే నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ లావుతోనే రేపు నిజంగా ఎక్కాల్సి వస్తుంది. ఎండగా ఉందని దాన్ని సీటు వెనక కట్టుకునేవాళ్లని చూశాను. పడ్డప్పుడు జాకెట్ పడవతో పోతుంది, మనిషి ఇటు మిగులుతాడు.

మూడు వారాలు గాలం ముట్టలేదు. తెడ్డుకి తాడు కట్టుకున్నాను. ఫోన్‌ని నీరు పట్టని సంచిలో వేసి పడవకి కాదు, ఒంటికి తగిలించుకున్నాను. అందులో కోస్ట్ గార్డ్ నంబరు 1554. జాకెట్‌కి ఒక ఈల, తాడు చుట్టుకుంటే కోసుకోడానికి పొట్టి చాకు. లంగరు కొనలేదు. ప్రవాహంలో దాన్ని పక్కనించి వేస్తే పడవ ఆ పక్కకే ఒరిగి మునకేస్తుంది, ఆ ప్రయోగం నాకొద్దు. విదేశీ పుస్తకాలు చన్నీళ్ల గురించి తెగ భయపెడతాయి. మన బంగాళాఖాతంలో నీళ్లు గోరువెచ్చనే, మనల్ని పడగొట్టేది ఎండ. రెండు లీటర్ల మంచినీళ్లు, టోపీ లేకుండా దిగను.

ఇవన్నీ డబ్బుతో వచ్చేవే. రానిది గాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్లు అలల ఎత్తు, గాలి వేగం ముందే చెబుతారు. అది చూసుకునే బయల్దేరాను ఒకరోజు. పొద్దున్నే సముద్రం మీగడ కట్టిన పాలలా ఉంది. నాలుగు తెడ్లు వేస్తే పడవ బాణంలా పోయింది. ఇరవై నిమిషాల్లో, నా భుజాల్లో ఇంత సత్తువ ఉందా అని నాకే ముచ్చటేసింది. వెనక్కి తిప్పాను. గాలి చెంప మీద కొట్టింది. సత్తువ నాది కాదు, వీపు మీద చెయ్యేసి తోసుకొచ్చింది నేల గాలి. ఒడ్డు దగ్గర దానికి అల లేపేంత జాగా ఉండదు. అందుకే అక్కడ నీరు నున్నగా కనిపించి నమ్మిస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ అలకి బలం. తెడ్డు ఆపితే పడవ తూర్పుకి జారుతోంది. ఇరవై నిమిషాల దారి గంటా పావు పట్టింది. చేతులు వణుకుతూ ఇసుకలో కూలబడితే, తాత నన్ను చూడలేదు. వెనకనున్న సరుగుడు తోపుకేసి గడ్డం ఎత్తాడు. కొసలన్నీ సముద్రం వైపు వంగి ఉన్నాయి. దిగేముందు ఒక్కసారి తల తిప్పినా కనపడేవి.

"ఎల్లేటప్పుడు కష్టపడాల బాబూ. వచ్చేటప్పుడు గాలి తేవాల."

ఒడ్డెక్కడం ఇంకో విద్య. అలలు దండుగా వస్తాయి, నడుమ కాస్త తెరిపి ఇస్తాయి. ఆగి, లెక్కపెట్టి, ఆఖరి పెద్ద అల వెనకాలే రావాలి. పడవ అడ్డం తిరిగితే అల వైపుకే ఒరగాలి. దిగాక పడవకీ ఒడ్డుకీ మధ్య మాత్రం నిలబడకూడదు. ముప్ఫై కిలోల ప్లాస్టిక్‌ని అల విసిరితే మోకాలు మిగలదు.

నాలుగో నెలలో మొదటి చేప పడింది. ఒడ్డుకి దగ్గర్లోనే, జోడీగా ఇంకో కయాక్ ఉండగా. వంజరం కలగన్నవాడికి జెల్ల దొరికింది, జానెడు. పెద్ద పడవ మీదైతే డెక్కు ఉంటుంది, ఇక్కడ చేపకి మన ఒళ్లే డెక్కు. ఎగిరి వచ్చి గుండెల మీద పడింది. వీపున ఒక ముల్లు, రెక్కలకి రెండు, మూడూ విషమే. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేణ్ణీళ్లలో పెట్టుకోవాలని చదివానే గానీ, నడిసముద్రంలో వేణ్ణీళ్లెక్కడివి? వీపు ముల్లు లైఫ్ జాకెట్ స్పాంజిలో దిగి ఇరుక్కుపోయింది. చేప అలాగే పతకంలా వేలాడుతుంటే, ఒక చేత్తో పడవని ఆపుకుంటూ పటకారుతో ఊడదీశాను.

ఒడ్డు చేరి, జెల్లని ఎత్తి తాతకి చూపించాను. ఆయన దాన్ని చూడలేదు.

"గాలెప్పుడు తిరిగింది?"

సరుగుడు కొసలు ఊరివైపు వంగి ఉన్నాయి. ఎప్పుడు తిరిగిందో నాకు తెలియదు. చేపతో ఉన్నాను.