బంధువులమని చెప్పమన్నారు

గోవా తీరంలో నివాసగృహాలను రోజు లెక్కన అద్దెకిచ్చే వ్యాపారం ఎంతగా పెరిగిందో అక్కడికి వెళ్లివచ్చిన మన కుటుంబాలకు తెలిసినదే. వంటగది ఉంటుంది, స్త్రీలకు పరదా ఉంటుంది. ఆ సౌకర్యం కోసమే మేము గత షాబాన్ సెలవులలో కలంగూట్ సమీపాన ఒక ఇంటిని ఫోనులో మాట్లాడుకుని మూడు రోజులకు తీసుకున్నాము.

తాళంచెవులు ఇస్తూ యజమాని, "ఎవరైనా అడిగితే మా బంధువులమని చెప్పండి, మౌల్వీ సాబ్" అన్నాడు. పక్కనే ఉన్న మా మనుమడు మా ముఖంలోకి చూశాడు. అడిగినవారికి అద్దెకు దిగామనే చెబుతామని మర్యాదగానే తెలియజేశాము.

జీఎస్టీ తనను ముంచుతుందని ఆయన వాదన. కాని రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉండే గదిపై ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం బదులు 5 శాతమే. 3,000 రూపాయల గదికి 150 రూపాయలు. అదీ బస చేసినవారి నుండి వసూలయ్యేదే. పైగా ఏడాది రాబడి 20 లక్షలు దాటని చిన్న యజమాని సాధారణంగా జీఎస్టీ నమోదు చేసుకోనవసరం లేదు. యాప్ ద్వారా వచ్చిన అతిథులపై పన్నును ఆ యాప్ సంస్థే చెల్లించాలి. రెండు గదుల ఆ ఇంటికి ఇంత భయం దేనికో!

ఆయన తప్పించుకున్నది వేరొకటి. గోవాలో పర్యాటకులకు డబ్బు తీసుకుని బస ఇచ్చేవారు 1982 నాటి చట్టం ప్రకారం పర్యాటక శాఖలో నమోదు కావాలి. విదేశీయులు దిగితే 24 గంటలలోగా వారి వివరాలు సమర్పించాలి. ఏ ఇంట ఎవరున్నారో తెలియకపోతే మొదట బెంగపడేది పొరుగువారే.

ఇజారా పాఠంలో గడువు, అద్దె, పొందే ప్రయోజనం ముందే స్పష్టం కావాలని పిల్లలకు చెబుతుంటాము. బంధువులమని ఒప్పుకుంటే ఆ ఒప్పందమే లేదన్నట్లు. రేపు నీళ్లు రాకపోయినా ఏ హక్కుతో అడుగుతాము?

ఈ సంగతంతా విన్న మా అల్లుడు భీమునిపట్నంలోని తమ మేడమీది భాగాన్ని ఇలాగే అద్దెకివ్వాలనుకుంటున్నాడు. అనుమతులు వచ్చాకే బోర్డు పెడతానన్నాడు. మా వియ్యపురాలు మాత్రం, అనుమతులు వచ్చినా అర్ధరాత్రి కొత్తవారు తమ మెట్లెక్కడానికి ఇంకా ఒప్పుకోలేదు.