చూరు క్రింద సైకిలు

కృష్ణా డెల్టా దిగువ భాగంలోని పాత ఇళ్ళలో ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండేది. పశువులకు కొట్టం, ధాన్యానికి గాదె, నాగలికీ కాడికీ చూరు క్రింది పంచ, పడవకు కాలువ గట్టు. ఈ ఏర్పాట్లు ఇల్లు కట్టే మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుసు. సైకిలు మాత్రం ఆలస్యంగా వచ్చిన చుట్టం. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాతి దశాబ్దాలలో హెర్క్యులిస్, అట్లాస్, హీరో బండ్లు పల్లెపల్లెకూ చేరేనాటికి ఇళ్ళు కట్టడం ఎప్పుడో పూర్తయింది. వచ్చిన చుట్టాన్ని పొమ్మనలేక, లోపలికి రమ్మనలేక జనం వాకిట్లో నిలబెట్టారు. ఆ మొగమాటం నేటికీ పూర్తిగా తీరలేదు. దాదాపు ఆరడుగుల పొడవు, ఇరవై కిలోల బరువు ఉన్న పాతకాలపు పెద్ద బండికి ఇంట్లో చోటివ్వడమంటే ఒక మనిషి పడుకునే చోటు ఇవ్వడమే మరి!

మెట్ట ప్రాంతపు ఊళ్ళలో ఈ చిక్కు చోటుతోనే ఆగిపోతుంది. మచిలీపట్నంలోనూ దివిసీమలోనూ సముద్రం కూడా దానికి తోడవుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి గాలీ నీరూ రెండూ కావాలి. ఉప్పు ఆ పనిని వేగిరపరుస్తుంది. అలల నురుగు నుండి లేచిన సూక్ష్మమైన ఉప్పు కణాలు గాలిలో తేలివచ్చి లోహం మీద వాలుతాయి. అవి చెమ్మను పీల్చుకుని, కంటికి కనిపించని ఉప్పునీటి పొరగా మారతాయి. అందుకు వాన పడనక్కరలేదు. చూరు క్రింద పొడిగా ఉన్నట్లు కనిపించే సైకిలు కూడా తడుస్తూనే ఉంటుంది. రోల్డుగోల్డు నగలకు పేరుపొందిన బందరులో పూత మర్మం తెలిసిన పనివారికి కొదవ లేదు. హ్యాండిల్ మీది తెల్లని మెరుగు కూడా ఒక పూతే. అందులో సూదిమొనంత బెజ్జం పడితే చాలు, ఉప్పు లోపలికి దిగి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. పైన మెరుగు మెరుస్తూనే ఉంటుంది; క్రింద పొక్కులు లేస్తూ ఉంటాయి.

ఈ తీరంలో సైకిలును మొదట కాపాడవలసింది గాలి నుండి. దొంగ సంగతి ఆ తర్వాత. అందుకు కొందరు బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు వైపులా బిగించి కడతారు. ప్రేమతో చేసే అపకారమిది. పట్టా క్రింద చెమ్మ బయటికి పోలేక పగటి వేడికి ఆవిరై, రాత్రి చల్లదనానికి బొట్లుబొట్లుగా మళ్ళీ ఇనుము మీదికే దిగుతుంది. తడిసిన గోనె కప్పడం కూడా ఇలాంటిదే. కొందరు కొబ్బరినూనె పూస్తారు. అది చలికాలంలో గడ్డకడుతుంది, ఎండాకాలంలో దుమ్మును పట్టుకుని గొలుసులో ముద్దగా చేరుతుంది. పొడిగుడ్డతో తుడిచి, గొలుసుకు నాలుగు చుక్కల మిషను నూనె వేసి, మిగిలిన జిడ్డును అదే గుడ్డతో తీసివేయడం చాలు. అయితే రిమ్ముకూ బ్రేకు రబ్బర్లకూ నూనె తగలరాదు. తగిలించినవారికి ఆ సంగతి కాలువ మలుపు దగ్గర తెలిసివస్తుంది. మట్టినేల చెమ్మను పైకి లాగుతుంది కనుక చక్రాల క్రింద ఒక చెక్కముక్క ఉండాలి. గాలి లేని టైరు మీద నెలల తరబడి నిలబెడితే అది ప్రక్కలకు పగులుతుంది.

బందరులోని పాత పెంకుటిళ్ళలో ఈ విద్య తెలిసిన పెద్దవారు ఇప్పటికీ ఉన్నారు. వీధి అరుగుకూ లోపలి గదికీ నడుమ ఉండే సన్నని నడవలో గోడవారగా బండిని ఆనించి, హ్యాండిల్‌ను గోడ వైపు తిప్పి పెడతారు. రెండు బండ్లుంటే ఒకదాని ముందుచక్రం ప్రక్కకు రెండవదాని వెనుకచక్రం వస్తుంది. హ్యాండిళ్ళు రెండూ ఒకే వైపు ఉంటే పొద్దున్నే అవి ఒకదానినొకటి పట్టుకుని ఎవరినీ కదలనీయవు. తాతగారి అట్లాస్‌ను మనవడు అమ్ముదామంటే ఆయన ఒప్పుకోడు. 1951లో సోనీపట్‌లో మొదలైన ఆ సంస్థ సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే ఆపివేసిందని తెలిసిన తర్వాత ఆయన పట్టుదల మరింత పెరిగింది.

గుడివాడ సముద్రానికి కొంత దూరం కనుక అక్కడ ఉప్పుగాలి కంటే దొంగ భయమే ఎక్కువ. మేడలు లేచిన వీధులలో సైకిలు మెట్ల క్రిందికి చేరింది. వెనుక చక్రానికుండే రింగు తాళం చక్రాన్ని తిరగనీయదు, అంతే. బండిని భుజాన వేసుకుని పోయేవాడిని అది ఆపలేదు. ఫ్రేములోనుండీ చక్రంలోనుండీ గొలుసు దూర్చి కిటికీ ఊచకు కట్టినప్పుడే అది నిజమైన తాళమవుతుంది. మెట్లకు అడ్డంగా కట్టరాదు. రాత్రివేళ ఆపద వస్తే పరుగెత్తేవారు దానిమీదే పడతారు. తాళంచెవి బిగుసుకుంటే పెన్సిలు ములికి పొడి కొద్దిగా వేస్తే చాలు.

నడవ గానీ మెట్లు గానీ ఉన్న ఇంటికి ఈ ఉపాయాలు సరిపోతాయి. రెండూ లేని ఇల్లు ఏమి చేయాలి? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని బలిగొన్న తర్వాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ అక్కడ కాంక్రీటు కప్పుతో ఇళ్ళు కట్టించాయి. గాలివానకు నిలవడమే వాటి మొదటి ధర్మం. చోటు గురించి ఆలోచించే వ్యవధి అప్పుడు ఎవరికుంది? ఒక గది, ముందు ఒక వసారా. కృష్ణకూ కరకట్టకూ నడుమనున్న ఒక లంక ఊరిలో, చేపల వేట మీద బ్రతికే కుటుంబం అలాంటి ఇంట్లోనే ఉంటోంది. ఆ ఇంటి అమ్మాయికి ప్రభుత్వ పాఠశాలల బాలికల కోసం పెట్టిన 'బడికొస్తా' పథకం క్రింద సైకిలు వచ్చింది. వసారాలో నాయనమ్మ మంచం, వలల మూట, నీళ్ళ బిందెలు. సైకిలు వాకిట్లో ఉండిపోయింది.

పదో తరగతి దాటి అవనిగడ్డలోని జూనియర్ కళాశాలకు వెళ్ళే నాటికి దాని గొలుసు ఎర్రబడింది. అర్ధ సంవత్సరపు పరీక్షనాడు అది కరకట్ట మీద తెగిపోయింది. అమ్మాయి నెట్టుకుంటూ వెళ్ళేసరికి గంటన్నర గడిచిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో మాట వేరే దారి పట్టింది. రోజూ ఆటో ఖర్చు భరించలేమనీ, చదివిన చదువు చాలుననీ తండ్రి అన్నాడు. తుప్పు పట్టిన గొలుసు వెల కొద్ది రూపాయలే. దానితోపాటు తెగబోయినదానికి వెల కట్టేవారు ఆ ఇంట్లో నాయనమ్మ ఒక్కతే.

"ఒరేయ్, పడవనైతే ఉప్పునీళ్ళలో వదిలేస్తావా? ఒడ్డుకు లాగి పెట్టుకోవూ? దీన్నీ పైకి లాగరాదూ!" అన్నది ఆమె.

తండ్రి ఆ రాత్రి మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత వసారా కప్పుకున్న ఇనుప కొక్కేలకు రెండు గిలకలు కట్టాడు. సీటు క్రిందనుండి ఒక తాడు, హ్యాండిల్ మెడనుండి ఒక తాడు. రెండూ కలిపి లాగితే సైకిలు మెల్లగా పైకి లేచి కప్పు క్రింద నిలుస్తుంది. తాళ్ళ కొసలను గోడ క్రింది భాగాన దిగగొట్టిన కొయ్యకు పడవ ముడి వేశాడు. తన తల మీద పడుతుందేమోనని నాయనమ్మ గొణిగింది. మంచాన్ని మూరెడు ప్రక్కకు జరిపించుకుంది కూడా. కొత్త గొలుసు వచ్చింది. గాలి ఆడే చోట, నేల చెమ్మకు దూరంగా, రాత్రికి ఎవరూ మోసుకుపోలేని ఎత్తులో సైకిలు స్థిరపడింది. అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తిచేసి పై చదువుకు విజయవాడ వెళ్ళింది. బండి తమ్ముడికి వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద విడుదలైంది. 2009 అక్టోబరు వరదను చూసినవారికి అంత నీరు లంకలను ఏమి చేస్తుందో తెలుసు. ఊరివారు మూటలతో కరకట్ట మీదికి బయలుదేరారు. సైకిలును దించి తీసుకుపోదామని పిల్లవాడు పట్టుబట్టాడు.

"దాన్నక్కడే ఉండనీ నాయనా, అది మనకంటే ఎత్తులో ఉంది" అన్నది నాయనమ్మ.

నీరు తీసిన తర్వాత తిరిగివచ్చి చూస్తే వసారా గోడ మీద మంచం ఎత్తుకు కొంచెం పైగా బురద గీత ఉంది. సైకిలు చక్రాలు ఆ గీతకు ఎంతో పైన ఉన్నాయి. గోడ క్రింది ముడి మాత్రం నానిపోయి బిగుసుకుంది. తాడు కోయవద్దన్నాడు తండ్రి. బడి తెరవడానికి ఇంకా రెండు రోజులుందని, నేల మీద కూర్చుని దానిని గోళ్ళతో విప్పసాగాడు.